బాపమ్మ లగ్గం ఏ సంవత్సరంలో అయింది? పాతకాలపు పెండ్లి జాడ పట్టుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, మీ బాపమ్మదో (నాయనమ్మ) ముత్తాతదో పెండ్లి సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగకండి. దొరకదు. జనన మరణాల నమోదుకు దేశమంతా ఒకే చట్టం వచ్చిందే 1969లో, మన తెలంగాణలో (అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్) ప్రతి పెండ్లీ రిజిస్టర్ చేయించాలన్న చట్టం 2002లో వచ్చింది. నిజాం కాలంలో మన పల్లెల్లో జరిగిన లగ్గాన్ని ఏ సర్కారు పుస్తకంలో రాస్తారు చెప్పండి? రాసింది అయ్యగారు (పురోహితుడు), చూసింది ఊరు, అంతే. కాబట్టి పద్ధతి వేరేగా ఉండాలి. పెండ్లికి ముందటి ఆధారం ఒకటి, తర్వాతది ఒకటి పట్టుకొని, ఆ రెండింటి మధ్య సందును రోజురోజుకూ బిగించుకుంటూ పోవాలి. నేను మా బాపమ్మ విషయంలో ఇట్లనే చేశాను, పదమూడు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి, ఆ సంగతి కూడా చెప్తా.

మొదట ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. అందరూ ఇదే చెప్తారు, కానీ ఎట్లా అడగాలో చెప్పరు. "నీ పెండ్లి ఏ సంవత్సరంలో అయింది?" అంటే "ఏమో బిడ్డా, గప్పట్ల గవన్నీ ఎవరికెరుక" అనే జవాబే వస్తుంది. సంవత్సరం అడగొద్దు, సందర్భం అడగండి. ఎండలా, వానలా? బండ్ల మీద పోయారా, రైలెక్కారా? ఖర్చు లెక్క హాలీ రూపాయల్లోనా, అంటే నిజాం సర్కారు పైసల్లోనా? హాలీ అన్నారంటే అది 1950ల తర్వాతి పెండ్లి అయ్యే అవకాశం దాదాపు లేదు. పోలీస్ యాక్షన్ (హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన సైనిక చర్య) ముందా, తర్వాతా? ఈ ప్రశ్నకు మన వైపు డెబ్బై దాటిన వాళ్లంతా తమ తల్లిదండ్రుల దగ్గర విన్నదైనా సరే ఠక్కున చెప్తారు, 1948 సెప్టెంబరు వాళ్ల లెక్కల్లో గీత గీసినట్టు ఉంటుంది. సమ్మక్క జాతర కూడా మంచి గుర్తే. అది రెండేండ్లకోసారి మాఘ పున్నమికి వస్తుంది కనుక "జాతరకు పోయొచ్చిన నెలకు లగ్గమైంది" అన్నారంటే అది ఫాల్గుణం, పైగా ఏడాది విడిచి ఏడాదే వెతకాలి, సగం పని తగ్గినట్టే.

ఫోన్‌లో రికార్డు చేయండి, అడిగి చేయండి. ఒక్కరినే గంట కూర్చోబెట్టకండి. ఇద్దరు ముసలవ్వలను పక్కపక్కన కూర్చోబెట్టి మీరు ఊరుకుంటే, ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు, ఆ కొట్లాటలోనే అసలు ముచ్చట బయటికొస్తుంది. మా మేనత్త "పగటి లగ్గం" అంటే, ఆమె ఆడబిడ్డ "ఏడ పగలు, రజాకార్ల భయానికి రాత్రికి రాత్రి బాజాల్లేకుండ తాళి గట్టిచ్చిండ్రు" అన్నది. ఒక్క మాటతో నాకు రెండేండ్ల సందు దొరికింది.

ఇక ఇల్లు వెతకండి. అటక, సందుగ, దేవుడి అర్ర, పాత బీరువా అడుగున పరిచిన పేపర్ల కింద. దొరకాల్సినవి ఇవి: లగ్గంకోటు (ముహూర్తం ఖాయం చేసే రోజు) నాడు రాసిన లగ్నపత్రిక, కట్నాలు రాసిన పుస్తకం, స్టూడియో ఫొటోలు (వెనకవైపు ముద్ర చూడండి, ఊరు పేరు ఉంటుంది), ఉత్తరాలు, ఇత్తడి సామాన్లు. ఇత్తడి సామాన్లను మాత్రం తక్కువ చేయకండి. పెండ్లికి పెట్టిన బిందెలు, తాంబాళాల మీద చుక్కలు చుక్కలుగా కొట్టి పేరు రాయించేవాళ్లు, పెట్టినవాళ్ల పేరూ కొన్నిసార్లు ఊరూ. మా ఇంట్లో ఒక గంగాళం ఉంది, మూడు తరాలు బూడిదతో తోమి తోమి అక్షరాలు అరిగిపోయాయి. చింతపండుతో కడిగి ఆరబెట్టి, రాత్రి లైట్లార్పేసి ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి, దాదాపు అంచుకు ఆనించి కొట్టాను. పై నుంచి కొడితే ఏమీ కనపడదు, పక్క నుంచి కొడితే ప్రతి చుక్కకూ నీడ పడుతుంది. ఒక ఇంటిపేరు కనిపించింది, అది మాది కాదు, మాకు తెలిసిన ఏ చుట్టాలదీ కాదు. అది బాపమ్మ మేనమామలదని తేలడానికి ఇంకో నెల పట్టింది, కానీ ఆ ఇంటిపేరుతోనే ఆమె తల్లిగారి ఊరు దొరికింది.

కట్నాల పుస్తకం దొరికితే అదృష్టవంతులే. అందులో ఎవరు ఎంత చదివించారో ఒకరి తర్వాత ఒకరుగా ఉంటుంది, చుట్టరికపు వరసలే ముఖ్యం, రూపాయలు కాదు. ఇంటిపేర్లు, ఊర్లు అన్నీ విడిగా రాసుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే ఊరు వియ్యంకులదో మేనమామలదో అయి ఉంటుంది.

ఇప్పుడు తేదీల గొడవ. నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

మా లగ్నపత్రికను ఎలుకలు కొట్టేశాయి. మూలలకు పూసిన పసుపు మరక అట్లనే ఉంది, మధ్యలో మడత దగ్గర కాగితం లేదు. మిగిలింది "...జిత్తు నామ సంవత్సర మాఘ శుద్ధ", ఆ తర్వాత చిరుగు, తర్వాత "ఆదివారం". అరవై సంవత్సరాల పేర్లలో జిత్తుతో ముగిసేది సర్వజిత్తు ఒక్కటే. ప్రభవ 1927లో మొదలైందని గుర్తుపెట్టుకుంటే (తర్వాతి ప్రభవ 1987) వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు, సర్వజిత్తు ఇరవై ఒకటోది, అంటే 1947. సంతోషంతో 1947 అని రాసేసుకొని, ఆ సంవత్సరం కాగితాలన్నీ వెతుక్కుంటూ కూర్చున్నా. ఎక్కడా పొసగలేదు. నాలుగు నెలల తర్వాత మా ఊరి అయ్యగారు నవ్వి "సంవత్సరం ఉగాదికి మారుతది సార్, జనవరికి కాదు" అన్నాడు. సర్వజిత్తు 1947 మార్చిలో మొదలైంది, మాఘం వచ్చేది పదకొండో నెలగా. సర్వజిత్తు మాఘమంటే 1948 ఫిబ్రవరి, మార్చి మొదటి రోజులు. పుష్యం, మాఘం, ఫాల్గుణం అని కనపడితే ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలుపుకోవాల్సిందేనా అని ప్రతిసారీ ఆగి ఆలోచించండి.

ఇంకా బిగించవచ్చు. ఆ మాఘ శుద్ధ పక్షం 1948 ఫిబ్రవరి 11 నుంచి 24 దాకా. అందులో ఆదివారాలు రెండే, 15, 22. ఇక్కడ మళ్లీ ఆ ముసలవ్వల్లో ఒకరి దగ్గరికి పోయాను. "గాంధీని సంపిన కబురొచ్చిన పదిహేను రోజులకు" అన్నది. గాంధీ పోయింది జనవరి 30న. పదిహేనో తేదీకి సరిపోతుంది, కానీ పల్లెకు కబురు ఎన్ని రోజులకు చేరిందో ఎవరు చెప్పగలరు, అందుకని నా ఫైల్‌లో "1948 ఫిబ్రవరి 15, బహుశా, 22 కావచ్చు" అనే రాసుకున్నా. మీరూ అట్లనే రాయండి, ఎంత నమ్మకమో పక్కనే రాయండి.

పత్రికే లేకపోతే? నెల తెలియకున్నా లగ్గాలుండే నెలలు తక్కువే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం తీసేయండి, మూఢం రోజులు తీసేయండి, అధిక మాసం తీసేయండి (1947లో అధిక శ్రావణం వచ్చింది). మిగిలేవి ఎక్కువగా మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం. పాత పంచాంగం ఉన్న అయ్యగారు ఒక్కరు దొరికితే సాయంత్రంలో తేల్చేస్తారు, దక్షిణ మాత్రం మరవకండి.

నిజాం సర్కారు కాగితాల్లో ఉండేది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఫసలీకి 590 కలపండి, అది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి నుంచి వచ్చే నెలలకు 591. అంటే 1357 ఫసలీ 1947 అక్టోబరు నుంచి మరుసటి అక్టోబరు దాకా. బాపమ్మ లగ్గం ఆ లెక్కన 1357 ఫసలీ, ఫర్వర్దీ నెల దగ్గర్లో పడుతుంది.

భూమి కాగితాలు

ఇక తహసీల్ ఆఫీసు. చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు, తప్పు. పేర్లూ ఊర్లూ చేతిలో లేకుండా పోతే మిమ్మల్ని చూసి వాళ్లకు జాలి కూడా కలగదు. పోయేముందు సర్వే నంబరు తెలుసుకోండి. ఇప్పటి పాస్‌బుక్‌లో నంబరు చూసి, పక్కనున్న బైనంబరు (అ, ఆ, 1, 2 లాంటివి) తీసేస్తే మూల నంబరు వస్తుంది. పేర్లు మారతాయి, నంబరు మారదు. ఆ నంబరును పట్టుకొని వెనక్కి నడవాలి: కొత్త పహాణీలు (భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారని ఏటేటా రాసే లెక్కలు), 1970ల పహాణీలు, చెస్సాల పహాణీ, చివరికి 1954-55 ఖాస్రా పహాణీ. దానికి ముందటిది సేత్వార్ (తొలి సర్వే నాటి మూల రికార్డు), అది సర్వే విభాగంలో అడగాలి. ఊరు, నంబరు, సంవత్సరం రాసి సర్టిఫైడ్ నకలు కావాలని దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ఆఫీసులో నన్ను ఆరుసార్లు తిప్పి, ఏడోసారి "ఆ పేజీ చెదలు తిన్నది" అన్నారు. నిజమే కావచ్చు. దాన్నే రాసిమ్మని అడిగితే పేజీ దొరికింది.

ఖాస్రా పహాణీ చాలా చోట్ల ఉర్దూలోనే ఉంటుంది. ఫోన్‌లో తర్జుమా చేసే యాప్‌లు ఆ గొలుసుకట్టు రాతను చదివితే నమ్మలేం, రిటైరైన ఉర్దూ టీచర్‌నో, తహసీల్ ముందు అర్జీలు రాసే పెద్దమనిషినో పట్టుకోండి. మన పేర్లు ఉర్దూలోకి పోయి మళ్లీ తెలుగులోకి వచ్చేసరికి గుణింతాలు గల్లంతవుతాయి, మల్లయ్య కాస్తా మౌలయ్య అవుతాడు. అట్లా మారిన రూపాలన్నీ ఒక కాగితం మీద రాసుకొని వెతకండి. మీరు తప్పక గుర్తుపట్టాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు. సాకిన్ అంటే నివాసం. ఫౌతీ అంటే చనిపోయారు. జౌజే అంటే భార్య, బేవా అంటే విధవ. పెండ్లి వెతికేవాళ్లకు ఈ చివరి రెండూ బంగారం. ఒక ఆడమనిషి పేరు పక్కన జౌజే అని ఉంటే ఆ సంవత్సరానికి ఆమె లగ్గం అయిపోయిందని అర్థం, బేవా అని ఉంటే ఆయన అప్పటికే పోయాడని. మా ముత్తవ్వ, అంటే బాపమ్మ తల్లి, ఖాస్రా పహాణీలో బేవా అని కనపడింది. "పెండ్లిల మా తాత కాళ్లు కడిగిండు" అని ఇంట్లో చెప్పుకుంటారు కాబట్టి ఆ కాళ్లు కడిగిన మనిషి, అంటే బాపమ్మ తండ్రి, 1948 ఫిబ్రవరికి బతికున్నాడు, 1954-55 నాటికి లేడు. ఒక మనిషి చావు ఆరేడేండ్ల సందులోకి వచ్చేసింది, ఒక్క మాటతో.

యజమాని పోయి భూమి వారసుల పేర మారినప్పుడు జరిగే విరాసత్ కాగితాలు చూస్తే వారసుల పేర్లు వరసగా ఉంటాయి. ఆడపిల్లల పేర్లు తరచూ ఉండవు, అందుకని "లేదు" అంటే "పుట్టలేదు" అనుకోవద్దు. పసుపు కుంకుమ కింద బిడ్డకు రాసిచ్చిన భూమి ఏమన్నా ఉందా అడగండి, దాన్ని కాగితం మీద పెట్టి ఉంటే అక్కడ ఆమె పేరు దొరుకుతుంది.

జిల్లా పేరు మోసం చేస్తుంది. నాలాగా ఇప్పటి మ్యాప్ పట్టుకొని పోకండి. 1940లలో జనగామ నల్లగొండ జిల్లాలో ఉండేది, పరకాల కరీంనగర్‌లో, ఖమ్మం వైపంతా 1953 దాకా వరంగల్ జిల్లాలోనే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలు ముక్కలయ్యాయి, వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ అయింది. మా బాపమ్మ తల్లిగారిది జనగామ అవతలి ఊరు, పాత రికార్డు ఏ జిల్లా పేరు మీద ఉందో తెలియక రెండు కలెక్టరేట్ల రికార్డు రూముల మెట్లెక్కి దిగాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీరు పాత పహాణీలు తీస్తున్నారని తెలియగానే చుట్టాలు "వాటా కోసం వచ్చిండు" అనుకుంటారు. నూటికి నూరు శాతం అనుకుంటారు. మా చిన్నతాత కొడుకు రెండు నెలలు నా ఫోన్ ఎత్తలేదు. నకలు అప్లై చేసేముందే అందరికీ చెప్పండి, వచ్చిన కాగితం ఒక కాపీ వాళ్లకే ముందు ఇవ్వండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

భూమి లేని ఇండ్లు

మన ఊర్లలో చాలామందికి పట్టా లేదు. అట్లాగని వాళ్ల పేర్లు ఎక్కడా లేవని కాదు. 1950 కౌలుదారీ చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ ఉంది, పట్టా దొరదైనా దున్నినవాడి పేరు అందులో ఉండొచ్చు. నీరడి, సేత్‌సింధీ, బేగరి లాంటి ఊరి కొలువు పనులు చేసినవాళ్లకు ఇనాం భూముల లెక్కలున్నాయి. నేతపనివాళ్లయితే చేనేత సంఘం వాటాల పుస్తకం. సింగరేణిలోనో, రైల్వేలోనో, 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లులోనో పనిచేసినవాళ్లయితే సర్వీసు కాగితాలు, పీఎఫ్ నామినీ కాగితం (అందులో భార్య పేరు ఉంటుంది, మరవకండి). సాయుధ పోరాటంలో జైలుకు పోయినవాళ్లయితే స్వాతంత్ర్య సమరయోధుల పింఛను దరఖాస్తు, ఆ ఫైల్‌లో తోటి ఖైదీలు రాసిచ్చిన ధ్రువపత్రాలు కూడా ఉంటాయి. చర్చిలో పెండ్లయినవాళ్లకు చర్చి పెండ్లిళ్ల రిజిస్టర్, ముస్లిం ఇండ్లకు ఖాజీ దగ్గరి నిఖానామా. వీళ్లకు పని నా కంటే ఎంతో సులువు, తేదీ, సాక్షులు అన్నీ రాసి ఉంటాయి.

బడి అడ్మిషన్ రిజిస్టర్ కూడా చూడండి కానీ పుట్టిన తేదీని నమ్మకండి. సారు పిల్లవాడి ఎత్తు చూసి వేసిన తేదీ అది. తండ్రి పేరు, ఊరు మాత్రం పనికొస్తాయి. మొదటి బిడ్డ వయసును బట్టి పెండ్లి సంవత్సరం లెక్కకట్టడం అంతకంటే పెద్ద తప్పు, ఆ రోజుల్లో చిన్నప్పుడే లగ్గం చేసి, అత్తగారింటికి పంపింది ఏండ్ల తర్వాత కావచ్చు. మొదటి ఇద్దరు ముగ్గురు పిల్లలు దక్కకపోయి కూడా ఉండొచ్చు. ఆ సంగతి అడిగేటప్పుడు జాగ్రత్త, మారుమనువు సంగతి కూడా. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి.

నోటి లెక్క

కులాల వంశాలు చెప్పేవాళ్లను ఎవరూ రికార్డు అనుకోరు, నాకైతే వాళ్లే పెద్ద రికార్డు రూమ్. కాపులకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. వీళ్లలో కొందరు చెప్పే కథల పటాలే చేర్యాల బొమ్మలు. ఒక్కో కుటుంబానికి ఇన్ని ఊర్లని మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఉంటుంది, పంట ఇండ్లకు వచ్చాక ఆ ఊర్లకే వస్తారు, గోత్రం, ఇంటిపేరు చెప్పి తాతల పేర్లు ఎత్తి పొగుడుతారు. పొగడ్తలో తాతలందరూ ధర్మప్రభువులే, అది పక్కన పెట్టండి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, ఎవరికి ఎవరు, ఏ ఇంటి పిల్లను తెచ్చుకున్నారు, ఈ మూడు మాత్రం రాసుకోండి, తర్వాత భూమి కాగితాలతో పోల్చుకోండి. ఆడవాళ్ల పేర్లు వాళ్లు కూడా తక్కువే చెప్తారు, "ఆయన ఇల్లాలు ఎవరి బిడ్డ?" అని ఆపి మరీ అడగాలి. కొందరు ఫోన్ రికార్డింగ్‌కు ఒప్పుకోరు, అది వాళ్ల కూడు, బలవంతం చేయకండి.

కాశీకో గయకో పోయొచ్చిన తాతలుంటే అక్కడి పండాల (యాత్రికుల పురోహితుల) పుస్తకాల్లో ఊరి పేరు మీద ఎంట్రీ ఉండే అవకాశం ఉంది, సంతకమో వేలిముద్రో కూడా. పొలం గట్టున గోరీలుంటే రాతిపలక చూడండి. జాగీర్దారు దగ్గరో నిజాం కొలువులోనో పనిచేసిన ఇల్లయితేనే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోండి, మామూలు రైతు ఇంటికి అంతదూరం అక్కర్లేదు.

దొరికిన ప్రతిదాన్నీ ఫొటో తీసి, కాగితం ఎవరి దగ్గర, ఏ రోజు చూశారో కింద రాయండి. ఫైల్ ఒక కాపీ ప్రింట్ తీసి ఊర్లో పాత ఇంట్లో పెట్టండి. బతికున్నవాళ్ల ఆధార్, సర్వే నంబర్లు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అక్కడ ఎవరెవరున్నారో మీకే తెలియదు.

నా ఫైల్‌లో ఇంకో ఖాళీ ఉంది, బాపమ్మ అమ్మమ్మ ఇంటిపేరు. మా ఊరికి వంశం చెప్పేవాళ్లు పోయినేడు రాలేదు, పెద్దాయనకు కాలు విరిగిందట. ఈసారి వరికోతలయ్యాక ఆయన కొడుకు వస్తాడని విన్నాను. రాగానే ఫోన్ చెయ్యమని ఊర్లో కిరాణా కొట్టు ఆయనకు చెప్పి, నంబరు గోడ మీద రాయించి వచ్చాను.